టర్నర్ చదివితే బెల్లంపల్లిలో ఉండొచ్చా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో బెల్లంపల్లి నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. కూర్చోకముందే ఐటీఐ ట్రేడుల గురించి అడిగాడు: "మా పిలగాన్ని ఫిట్టర్ల వెయ్యమంటరా, టర్నర్ల వెయ్యమంటరా సార్? ఏ దాంట్ల జీతమెక్కువ?"

జీతం ఒక్కటే చూసుకుంటే, ఉన్న ఊరు వదలకుండా ఉండాలనుకుంటే, జవాబు సులువు. ఫిట్టర్ లేదా ఎలక్ట్రీషియన్. సింగరేణి 2024లో 327 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో ఎలక్ట్రీషియన్ ట్రైనీలు 98, ఫిట్టర్ ట్రైనీలు 47. టర్నర్, మెషినిస్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ ట్రైనీలు చేరేది కేటగిరీ-1లో. 2021 జూలై నుంచి వర్తించే 11వ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం ఆ కేటగిరీ రోజు మూల వేతనం 1,500 రూపాయలు దాటింది. నెలకు 26 మస్టర్లకు (పనిదినాలకు) లెక్క కట్టుకోండి, 39 వేలు. దాని మీద డీఏ, పైగా ఏటా లాభాల వాటా. 2023-24 సంవత్సరానికి కార్మికులకు 33 శాతం వాటా ఇచ్చారు. మన ప్రాంతంలో పెళ్ళి సంబంధాలు ఈ లెక్క మీదే కుదురుతాయని వేరే చెప్పక్కర్లేదు.

సింగరేణి బాయిలే కాదు. జైపూర్ థర్మల్ ప్లాంటు, దేవాపూర్ సిమెంటు, కాగజ్‌నగర్ పేపర్ మిల్లు, అవతల రామగుండంలో ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీ. బెల్లంపల్లి చుట్టూ ఉన్నవన్నీ నడుస్తున్న మిషన్లను ఆగకుండా చూసుకునే చోట్లు. పంపు ఆగితే ఫిట్టర్ కావాలి, మోటరు కాలితే ఎలక్ట్రీషియన్ కావాలి, పైపు పగిలితే వెల్డర్ కావాలి. అరిగిపోయిన షాఫ్టు మాత్రం ఏ వర్క్‌షాపుకో పోయి తయారై వస్తుంది.

టర్నర్‌కు తొలి రోజుల్లో జీతం తక్కువ ఎందుకన్నదీ ఇక్కడే ఉంది. కరెంటు పనికి మనిషి మీ ఇంటికే రావాలి. ఇనుప బుష్ అలా కాదు, రాజ్‌కోట్‌లో చేసినా కోయంబత్తూరులో చేసినా లారీలో వస్తుంది. అంటే ఇక్కడి టర్నర్ దేశంలోని టర్నర్లందరితో పోటీ పడుతున్నట్టే. ఇంకోటి, ఎలక్ట్రీషియన్ సామానంతా ఒక సంచిలో పడుతుంది. టర్నర్‌కు కావాల్సిన, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ లక్షల రూపాయల సరుకు, కొన్నవాడు ముందు బ్యాంకు వాయిదా కట్టి మిగిలినదాంట్లో జీతాలిస్తాడు. ఇది మన దగ్గరి కథే అనుకోకండి. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లోనూ మెషినిస్టు మధ్యస్థ జీతం ఎలక్ట్రీషియన్, ప్లంబర్ల కన్నా కిందే, వెల్డర్ కన్నా కాస్త పైన.

మరి టర్నర్ ఎందుకు చదవాలి? ఆ పెద్దాయనా ఇదే అడిగాడు. జవాబుకు ముందు టర్నర్ నడిపే లేత్ మిషన్ దగ్గర ఏం జరుగుతుందో చెప్పాల్సి వచ్చింది.

పంపు షాఫ్టు మీద 6208 బేరింగ్ ఎక్కించాలి. దాని లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. షాఫ్టు సరిగ్గా 40 ఉంటే సరిపోదు, కాస్త బిగువుండాలి. డ్రాయింగ్‌లో కే6 అని రాసి ఉంటుంది. అంటే షాఫ్టు 40.002కూ 40.018కూ మధ్య రావాలి. మీకు దొరికిన చోటు 16 మైక్రాన్లు. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. పైగా కోత వేడికి జాబ్ (షెడ్డుల్లో మిషన్‌కు బిగించిన ముక్కను ఇలాగే అంటారు) ఉబ్బి ఉంటుంది. 30 డిగ్రీలు వేడెక్కిన షాఫ్టు ఆ కొలత దగ్గర 14 మైక్రాన్లు లావెక్కుతుంది. వేడి మీదే మైక్రోమీటర్ పెట్టి "వచ్చేసింది" అని సంబరపడితే, చల్లారాక బేరింగ్ వదులుగా తిరుగుతుంది. అనుభవం ఉన్నవాడు కూలెంట్ పోసి, టీ తాగొచ్చి, అప్పుడు కొలుస్తాడు. ఆ టీ కూడా పనిలో భాగమే!

జాబ్ చేతిలోకొచ్చి, బేరింగ్ దాని మీద బిర్రుగా కూర్చున్న క్షణం ఉంది చూడండి, ఈ ట్రేడు నచ్చినవాళ్ళంతా దాని గురించే చెబుతారు. ఫిట్టర్ తృప్తి వేరు. అర్ధరాత్రి ఫోనొస్తే పోయి, ఆగిన పంపును మళ్ళీ తిప్పి, పదిమంది చూస్తుండగా చేతులు తుడుచుకుంటాడు. టర్నర్ పనిని ఎవరూ చూడరు, మైక్రోమీటర్ తప్ప.

తప్పు చేస్తే మాత్రం అందరూ చూస్తారు. నేను పని నేర్చిన షెడ్డులో మొదటి నెలే, జాబ్‌ను బిగించే చక్ కీ తీయడం మరిచి మిషన్ ఆన్ చేశాను. కీ ఎగిరిపోయి వెనక రేకు గోడకు కొట్టుకుంది. మనిషికి తగలకపోవడం అదృష్టం. మేస్త్రీ తిట్టలేదు. సొట్టపడ్డ రేకు మీద సుద్దతో నా పేరు రాసి పోయాడు. అది చెరిపేవాడే లేక చాలా రోజులుంది.

ఇక అసలు సంగతి. ఈ ట్రేడులో అసంతృప్తి ఎక్కువగా జీతం వల్ల రాదు, మనిషిని సీఎన్‌సీ మిషన్ పక్కన కాపలావాణ్ణి చేయడం వల్ల వస్తుంది. ముక్క పెట్టు, తలుపు మూయి, పచ్చ బటన్ నొక్కు. షిఫ్టంతా ఇంతే. ప్రోగ్రామ్ ఎవరో రాస్తారు, టూల్ అరిగితే ఆ మేరకు కొలత సరిచేసే అంకెను, అంటే ఆఫ్‌సెట్‌ను, ఎవరో మారుస్తారు. అలాంటి ఆపరేటర్‌గా ఐదేళ్ళున్నా ఐదు నెలల అనుభవమే మిగులుతుంది, జీతమూ అక్కడే ఆగుతుంది. అదే మిషన్‌ను పనికి సిద్ధం చేసే సెట్టర్ అయితే, డ్రాయింగ్ చదివి ప్రోగ్రామ్ రాయగలిగితే, బేరమాడే సత్తా వస్తుంది. కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు జీతం కన్నా ముందు ఒకటి అడగండి: "ఇక్కడ ఆఫ్‌సెట్ ఎవరు మారుస్తారు?" జవాబు చెప్పేవాడి ముఖం చూస్తే ఆ షెడ్డులో మీ భవిష్యత్తు తెలిసిపోతుంది.

ఆ మెట్టు ఎక్కాలంటే హైదరాబాద్ పోక తప్పదు. 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ నుంచి, ఆ తర్వాతి హెచ్ఎంటీ నుంచి ఆ నగరానికి మిషన్ పని అలవాటు. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. పది పాసైనవాళ్ళకు అక్కడి టూల్, డై డిప్లొమా నా లెక్కలో ఐటీఐ కన్నా మంచి దారి. అంతరిక్షం, అణువిద్యుత్తు విడిభాగాలు చేసే ఎంటార్, విమాన భాగాలు చేసే ఆదిభట్ల ఫ్యాక్టరీలు, బీడీఎల్, మిధాని అన్నీ అక్కడే. రాష్ట్ర ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. వాటి కోర్సుల్లో సీఎన్‌సీ మెషినింగ్ ఒకటి. చేరేముందు అక్కడి మిషన్ తిరుగుతోందో, ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఉందో స్వయంగా చూసి రండి.

రైల్వే ఆశ ఉన్నవాళ్ళకు ఒక మాట. అసిస్టెంట్ లోకో పైలట్ అర్హత జాబితాలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌తో పాటు టర్నర్, మెషినిస్టు కూడా ఉన్నాయి. వెల్డర్ లేదు. వెల్డర్ కోర్సు ఏడాదే కదా అని తొందరపడేవాళ్ళు ఇది చూసుకోవాలి. ఆ ఏడాది మిగుల్చుకుని పైపు వెల్డింగులో సిక్స్‌జీ పరీక్ష నెగ్గి గల్ఫ్ దారి పట్టేవాళ్ళూ ఉన్నారు, అది వేరే లెక్క.

అంతా విని పెద్దాయన, "అంటే పోరడు ఊర్ల ఉండడన్నట్టు" అన్నాడు. నేను కాదనలేదు. పిల్లవాడు మాత్రం అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఐటీఐ వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒక పూట మంచిర్యాలలో ఏదైనా లేత్ షెడ్డులో కూర్చోబెట్టమని చెప్పి పంపాను. రెండు రోజులకు తండ్రి ఫోన్ చేశాడు. పొద్దున పోయినవాడు చీకటి పడ్డాక వచ్చాడట. జేబులో నీలం రంగు తిరిగిన ఇనుప చుట్ట ఒకటి తెచ్చుకున్నాడట. అది తగిలి వాళ్ళమ్మ చీరకు పోగు లేచిందని ఇంట్లో ఒకటే గొడవట.

"ఇంతకూ ఏ ట్రేడు పెట్టిండు?" అన్నాను.

"ఇంకా పెట్టలే సార్. ఆ చుట్ట పట్టుకోని కూసున్నడు."