తెర మీద ఫైరింజన్ కనిపిస్తే సినిమా ఆపండి

పాత ఇంగ్లిష్ సినిమా చూస్తున్నారు. ఎర్రటి ఫైరింజన్ గంట మోగించుకుంటూ వచ్చి, కన్ను మూసి తెరిచేలోగా మలుపు తిరిగిపోయింది. అది ఏ కంపెనీ బండి? ఏ కాలం నాటిది? అక్కడే పాజ్ నొక్కి జవాబు వెతకండి. చూపు పదునెక్కడానికి ఇంతకంటే ఖర్చులేని కసరత్తు నాకు తెలియదు.

ముందు రంగును పక్కన పెట్టండి. నంబరునూ నమ్మకండి. అమెరికాలో 1972లో మొదలైన ‘ఎమర్జెన్సీ!’ సీరియల్లో ‘ఇంజన్ 51’ మొదట క్రౌన్ ఫైర్‌కోచ్. తర్వాత అదే నంబరుతో వచ్చింది వార్డ్ లాఫ్రాన్స్. స్టేషన్ అదే, నంబరు అదే, బండి వేరు. కంపెనీ పేరులో ఇంకో చిక్కుంది. వార్డ్ లాఫ్రాన్స్ తయారైన న్యూయార్క్ రాష్ట్రపు ఎల్మైరా ప్రాంతంలోనే అమెరికన్ లాఫ్రాన్స్ అనే మరో పెద్ద కంపెనీ ఉండేది. ‘లాఫ్రాన్స్’ అన్న అక్షరాలు చూసి తేల్చేస్తే పొరబడతారు.

మరి దేన్ని చూడాలి? తేలిగ్గా మార్చలేనిదాన్ని. పెయింట్ ఎప్పుడైనా మారుతుంది. పంపు ఎక్కడ బిగించారు, ముందు భాగం ఏ ఆకారంలో ఉంది అన్నవి ఫ్యాక్టరీలోనే ఖాయమవుతాయి. అమెరికాలోని సిన్సినాటిలో తయారైన ఆరెన్స్-ఫాక్స్ పిస్టన్ పంపు బళ్లనే తీసుకోండి. రేడియేటర్‌కు ముందు పంపు, దాని మీద తళతళలాడే పెద్ద లోహపు గోళం. అలంకారం కోసం పెట్టారనిపిస్తుంది. నిజానికి దానికి గట్టి పనే ఉంది. పిస్టన్ తోసిన ప్రతిసారీ నీళ్లు కుదుపుతో వస్తాయి. గోళంలోని గాలి నొక్కుకుపోయి ఆ కుదుపును తీసుకుంటుంది, గొట్టంలోంచి నీళ్లు నిలకడగా వస్తాయి. ఈ సంగతి ఒకసారి తెలిస్తే ఆ బండిని ఎంత దూరం నుంచైనా పోల్చుకుంటారు. అందుకే మోడల్ పేర్లు బట్టీ పట్టొద్దంటాను. ప్రతి భాగాన్నీ ‘నువ్వెందుకున్నావు?’ అని అడగండి. ఉద్యోగానికి వచ్చినవాళ్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడూ ఇదే అలవాటు పనికొస్తుంది: హోదా పేరు దగ్గర ఆగకుండా, అక్కడ స్వయంగా ఏం చేశారో అడుగుతారు.

కాలం తేల్చడానికి పనికొచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ బండి అప్పటికి పుట్టిందా? బ్రిటన్‌లో ‘గ్రీన్ గాడెస్’ అని పిలిచే ఆకుపచ్చ బెడ్‌ఫర్డ్ బళ్లను 1950లలో, అణుయుద్ధం వస్తుందేమోనన్న భయంతో ప్రభుత్వం తయారు చేయించింది. 1977లో అగ్నిమాపక సిబ్బంది సమ్మె చేస్తే సైనికులు వీటినే నడిపారు. 1940 నాటి లండన్ బాంబుదాడుల కథలో ఇది కనిపిస్తే, తప్పు దొరికినట్టే. యుద్ధకాలపు సరంజామా చూడాలంటే హంఫ్రీ జెన్నింగ్స్ 1943లో తెచ్చిన ‘ఫైర్స్ వర్ స్టార్టెడ్’ చూడండి. అందులో నటించింది అసలు ఫైర్‌మెన్లే.

ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. కంటికి కనిపించింది ఒకచోట, దాన్నిబట్టి మీరు ఊహించింది మరోచోట రాయండి. ఈ రెండూ కలిపేయడమే మనలో చాలామందికున్న జబ్బు. ‘1950 తర్వాతిది, కంపెనీ తేలలేదు’ అని రాయడానికి జంకకండి. అది నిజాయితీగల జవాబు. రాసిన తర్వాతే నెట్‌లో వెతకండి. ముందే వెతికితే కన్ను పని మానేస్తుంది.

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో వీలుంది. బెల్‌ఫ్లవర్‌లోని లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్ మ్యూజియంలో ‘ఎమర్జెన్సీ!’ బళ్లున్నాయి. పిల్లల్ని తీసుకెళ్లండి. బోర్డు చదవకముందే క్రౌన్ ఏదో, వార్డ్ లాఫ్రాన్స్ ఏదో వాళ్లనే చెప్పమనండి.