పుట్టించిన ఫంక్షన్‌కు సొంతూరు ఏది?

మాది సంగారెడ్డి జిల్లా మనూర్. ఇరవై ఏళ్లకు పైగా పైథాన్ రాస్తున్నాను. సెలవులకు ఊరొస్తే ఇంజినీరింగ్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకొని ఇంటికొస్తారు. కోడ్‌తోనే కోడ్ పుట్టించడం మీద వాళ్లకు మహా మోజు. వాళ్లకు చెప్పేవే ఇక్కడా చెబుతున్నాను.

1. ఫంక్షన్‌ను ఎక్కడ పిలిచారో కాదు, అది ఎక్కడ పుట్టిందో చూడండి. మా ఊరాయన పట్నంలో కూర్చొని "బాయికాడికి పోవాలె" అన్నా, అది మనూర్‌లోని తన పొలమే. ఫంక్షనూ అంతే. తన లోపల దొరకని పేరును పుట్టిన మాడ్యూల్‌లో వెతుకుతుంది, పిలిచిన మాడ్యూల్‌లో కాదు.

ఇది నాకు దెబ్బ తిన్నాకే అర్థమైంది. ఫంక్షన్లు తయారుచేసే కోడ్‌ను ఒక ఫైల్లో పెట్టి, పుట్టినవాటిని గ్లోబల్స్()లో చేర్చాను. ఇంకో ఫైల్ నుంచి దాన్ని నడిపి, కొత్త ఫంక్షన్‌ను పిలిస్తే నేమ్ఎర్రర్! రెండు రోజులు తల పట్టుకున్నాను. గ్లోబల్స్() అన్న మాట ఏ ఫైల్లో రాసి ఉంటే ఆ ఫైల్ డిక్షనరీనే ఇస్తుంది. నా ఫంక్షన్లన్నీ మొదటి ఫైల్లోనే కూర్చున్నాయి. అప్పటినుంచి, ఏ డిక్షనరీలో చేర్చాలో పిలిచేవాడే ఇచ్చేలా రాస్తున్నాను.

2. లూప్‌లో పుట్టించేటప్పుడు జాగ్రత్త. నారాయణఖేడ్, మనూర్, కంగ్టి, కల్హేర్ మండలాలకు ఫర్ లూప్‌లో నాలుగు లాంబ్డాలు చేశాను. నాలుగూ "కల్హేర్" అనే ప్రింట్ చేశాయి. లాంబ్డా పట్టుకునేది పేరును, విలువను కాదు. పిలిచే వేళకు ఆ పేరులో మిగిలేది చివరి మండలమే. 'లాంబ్డా మండలం=మండలం' అని డిఫాల్ట్ ఇస్తే ఎవరి విలువ వారికి నిలుస్తుంది.

3. పుట్టించిన ఫంక్షన్‌ను ఫైల్లో దాచుకోవాలంటే ఒకటి గుర్తుంచుకోండి: పైథాన్ వస్తువులను దాచే పికిల్, ఫంక్షన్ కోడ్‌ను దాచదు. మాడ్యూల్ పేరు, ఫంక్షన్ పేరు మాత్రమే రాసుకుంటుంది. ఆ పేరుతో అక్కడ దొరకని ఫంక్షన్‌ను అది మోయలేదు.

4. అక్షరాలుగా రాసిన కోడ్‌ను నడిపే ఎగ్జెక్ చివరి దారి. అది వాడరానిదేమీ కాదు. 2018లో పైథాన్ 3.7తో వచ్చిన డేటాక్లాసెస్ కూడా __ఇనిట్__ను ఎగ్జెక్‌తోనే పుట్టిస్తుంది. కానీ బయటివాళ్లు టైప్ చేసిన అక్షరం ఒక్కటి కూడా అందులోకి పోనివ్వకండి. మామూలు క్లోజర్‌తో పని జరిగితే ఎగ్జెక్ జోలికే పోవద్దు.

మీ కోడ్‌లో ఇలా పుట్టించిన ఫంక్షన్ ఉంటే, ఇవాళే దాని __మాడ్యూల్__ ప్రింట్ చేసి చూడండి.