నీడ బాల్కనీలో గులాబీ పరిమళం: ఏ రకం, ఏ దిక్కున?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాద్ అపార్ట్‌మెంట్లలో ప్రతి శీతాకాలం ఇదే కథ. నర్సరీలో పూలతో కళకళలాడిన గులాబీ మొక్క ఇంటికి వస్తుంది. అప్పటికే ఉన్న రెండు మూడు మొగ్గలు విచ్చుకుంటాయి. ఆ తర్వాత కొమ్మలు సన్నగా సాగుతాయి, ఆకులు రాలిపోతాయి, కొత్త మొగ్గ కనిపించదు. ఎరువు చాలలేదనుకుని మరింత వేస్తారు. మొక్క ఇంకా నీరసిస్తుంది. చాలా సందర్భాల్లో అసలు కొరత ఎరువుది కాదు, వెలుతురుది.

నీడలో ఎన్ని రకాలు?

గులాబీ ఎండను ఇష్టపడే మొక్క. రోజుకు 6 గంటల నేరుగా పడే ఎండ ఉంటే బాగా పూస్తుంది. 4 గంటలు ఉంటే కొన్ని రకాలు సర్దుకుంటాయి. నేరుగా ఎండ పడకపోయినా ఆకాశం కనిపించే చోటును వెలుగు నీడ అనవచ్చు. అక్కడ మొక్క బతుకుతుంది కానీ పూలు బాగా తగ్గుతాయి. నాలుగు వైపులా గోడలు, పైన శ్లాబు ఉన్న చీకటి నీడలో ఏ గులాబీ అయినా క్రమంగా క్షీణిస్తుంది. ఆకులు తయారుచేసే చక్కెర మొక్క సొంత ఖర్చుకే చాలనప్పుడు పూలకు మిగిలేది ఏమీ ఉండదు.

సూర్యుడి దారి, బాల్కనీ దిక్కు

ఢిల్లీ సుమారు 28.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి దాదాపు 85 డిగ్రీల ఎత్తులో, అంటే నడినెత్తికి దగ్గరగా ఉంటాడు. డిసెంబరు 22న ఆ ఎత్తు 38 డిగ్రీలే. అందుకే 10 మీటర్ల భవనం నీడ జూన్ మధ్యాహ్నం ఒక మీటరు కూడా ఉండదు. డిసెంబరులో దాదాపు 13 మీటర్లు సాగుతుంది.

ఢిల్లీలో గులాబీలకు అక్టోబరులో కత్తిరింపు చేస్తారు. ఆరేడు వారాల తర్వాత పూలు మొదలై, మార్చి దాకా విడతలుగా వస్తాయి. అంటే నీడలు బాగా పొడవయ్యే కాలమే గులాబీలు పూసే కాలం. సెప్టెంబరు చివరి వారం నుంచి మార్చి మూడో వారం వరకు సూర్యుడు ఆకాశంలో దక్షిణం వైపే నడుస్తాడు. కాబట్టి సరిగ్గా ఉత్తరానికి తిరిగిన బాల్కనీలో ఆ ఆరు నెలలూ నేరుగా ఒక్క కిరణం కూడా పడదు. అక్కడ ఏ రకం ఎంచుకున్నా ఫలితం ఉండదు. కుండీని శీతాకాలంలో మేడ మీదికి మార్చడమే మార్గం.

దక్షిణపు బాల్కనీ సంగతి ఇందుకు విరుద్ధం. వేసవిలో పై శ్లాబు ఎండను అడ్డుకుంటుంది. చలికాలంలో వాలుగా వచ్చే ఎండ లోపలిదాకా చేరుతుంది. తూర్పు బాల్కనీలో ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ దొరుకుతాయి. 40 డిగ్రీలు దాటే మే, జూన్ నెలల్లో ఈ నీడ మొక్కకు రక్షణే.

పరిమళం ఎక్కడ పుడుతుంది?

గులాబీ వాసన రేకుల పైపొర కణాల్లో తయారవుతుంది. జెరానియోల్, సిట్రోనెల్లోల్, ఫినైల్ ఇథనాల్ వంటి ఆవిరయ్యే పదార్థాలు కలిసి ఆ వాసననిస్తాయి. 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం, జెరానియోల్ తయారీలో కీలకమైన ఒక ఎంజైమును గులాబీలో గుర్తించింది. గాఢ పరిమళమున్న పాపా మెయిలాండ్ రకంలో దాని జన్యువు చురుగ్గా పనిచేస్తుండగా, వాసన లేని రకంలో దాదాపు మౌనంగా ఉంది. అంటే వాసన ముందుగా వంశపారంపర్యం. జన్యువు పనిచేయని రకానికి ఎంత ఎరువు వేసినా పరిమళం రాదు. జన్యువు ఉన్నా ముడిసరుకు కావాలి. అది ఆకులు వెలుతురులో తయారుచేసే చక్కెర నుంచే వస్తుంది. ఎండ ముదిరేకొద్దీ వాసన పదార్థాలు ఆవిరైపోతాయి. కన్నౌజ్‌లో అత్తరు కోసం పూలను తెల్లవారుజామునే కోయడం అందుకే.

ఏ రకాలు ఎంచుకోవాలి?

రోజుకు 4 గంటల ఎండ ఉన్న చోటికి, నిండైన పెద్ద పూల హైబ్రిడ్ టీ రకాల కన్నా గుత్తులుగా పూసేవీ పాత తోట గులాబీలూ నయం.

• ఎడ్వర్డ్ గులాబీ: తెలుగువారు పన్నీరు గులాబీ అనే రకాల్లో ఇదొకటి. బూర్బన్ వర్గానికి చెందిన గట్టి మొక్క, తీయని వాసన.
• గ్రూస్ ఆన్ టెప్లిట్జ్: 1897 నాటి ఎర్ర గులాబీ. ఉత్తర భారతంలో పాత పరిచయమే. ఘాటైన పరిమళం.
• రోజ్ షర్బత్: డాక్టర్ బి.పి. పాల్ రూపొందించిన సువాసన రకం. గోధుమ శాస్త్రవేత్తగా పేరొందిన ఆయన ఢిల్లీలోని పూసా సంస్థకు డైరెక్టరుగా, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు.
• పెనెలోపి: 1924 నాటి హైబ్రిడ్ మస్క్ రకం. కొంత నీడను ఓర్చుకునే వర్గం. పెద్ద కుండీ ఉంటేనే పెంచాలి.

డబుల్ డిలైట్‌ను నీడకు ఎంచుకోకపోవడం మంచిది. పరిమళం గొప్పదే అయినా, దాని రేకుల అంచుల ఎరుపు ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల వస్తుంది. నీడలో పువ్వు పాలిపోయినట్టే ఉంటుంది.

నర్సరీల్లో పేర్లు తారుమారవుతుంటాయి. ఉదయం వెళ్లి, విచ్చుకున్న పువ్వును వాసన చూసి కొనడమే నమ్మదగిన పరీక్ష.

కుండీ, నీరు, తెగుళ్లు

12 నుంచి 14 అంగుళాల మట్టి కుండీ చాలు. అడుగున రంధ్రం తప్పనిసరి. నీడలో మట్టి ఆలస్యంగా ఆరుతుంది. అందుకే పై అంగుళం పొడిబారాకే నీరు పోయాలి. ఆకులపై గంటల తరబడి తడి నిలిస్తే నల్లమచ్చ తెగులు శిలీంద్రం మొలకెత్తుతుంది. ఉదయం పూట మొదట్లోనే నీరు పోస్తే ఆ అవకాశం తగ్గుతుంది. బూడిద తెగులుకు మాత్రం తడి అక్కర్లేదు. రాత్రి చలి, పగలు వెచ్చదనం ఉండే ఫిబ్రవరి, మార్చిలో గాలి ఆడని మూలల్లో అది వ్యాపిస్తుంది. కుండీల మధ్య ఎడం ఉంచాలి. వెనక గోడకు తెల్ల సున్నం వేస్తే వెలుతురు కొంత పెరుగుతుంది.

చేసి చూడండి

మొక్క కొనేముందు ఒక సెలవు రోజున, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు ప్రతి గంటకూ కుండీ పెట్టాలనుకున్న చోట ఎండ పడుతోందో లేదో రాసుకోండి. ఇది డిసెంబరులో చేస్తే మంచిది. లెక్క 4 గంటలు దాటితే పై జాబితాలోంచి ఒకటి ఎంచుకోవచ్చు. దాటకపోతే ఆ కుండీలో మరో మొక్క పెట్టి, గులాబీని ఎండ ఉన్న పొరుగింటి మేడ మీద పెంచుకోవడం మేలు.