టెలిస్ట్రోక్: హిమాచల్ చూపిన దారి

మెదడు రక్తనాళంలో పెద్ద రక్తపు గడ్డ అడ్డుపడితే పక్షవాతం (స్ట్రోక్) వస్తుంది; నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి. గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మెదడులో రక్తస్రావమైన రోగికి అదే మందు ప్రాణాంతకం; అందుకే ముందు సీటీ స్కాన్ తప్పనిసరి.

స్కాన్ ఉన్నా, చూసి తేల్చే న్యూరాలజిస్టు దగ్గర్లో లేకపోతే? ఈ చిక్కును హిమాచల్ ప్రదేశ్ 2014లో చక్కగా విప్పింది. జిల్లా ఆసుపత్రుల వైద్యులు స్కాన్ చిత్రాలను స్మార్ట్‌ఫోన్‌లో పంపితే సిమ్లా, టాండా వైద్య కళాశాలల నిపుణులు సలహా ఇచ్చేవారు. పక్షవాతానికి ఇలా దూరం నుంచే సలహా ఇవ్వడమే టెలిస్ట్రోక్. ఖరీదైన ఇంజెక్షన్‌ను ప్రభుత్వమే ఉచితంగా అందించింది. అసలు మెచ్చుకోవాల్సింది దీన్నే: మందు కొనలేని పేదవాడికి సలహా ఒక్కటే ఏం మేలు చేస్తుంది?

జర్మనీలోని బవేరియాలో ఇలాంటి ‘టెంపిస్’ నెట్‌వర్క్ 2003లోనే మొదలైంది. మన దేశపు టెలిమెడిసిన్ వేదిక ఈ-సంజీవని మాత్రం హిమాచల్ ప్రయత్నం తర్వాత, 2019లో వచ్చింది.