మూసిన కొట్టులో గాలి నడక



కార్తీక మార్గశిరములలో తెల్లవారుజామున కొట్టు తలుపు తీసినప్పుడు పై వరుస బస్తాలు తడిసి ఉండుట మీలో పలువురు చూచియే ఉందురు. రేకు కారినదని తలచి నిచ్చెన వేసి చిల్లుల కొరకు వెదకుదురు. ముత్తుకూరు వైపు ఒక కొట్టులో నేనును అట్లే వెదకితిని. ముందు రాత్రి వాన లేదు, రేకుకు చిల్లును లేదు. ఆ నీరు వడ్లలోనిదే.

వేసవిలో వేడెక్కిన వడ్ల రాశి నెలల తరబడి ఆ వేడిని విడువదు. నిర్మలమైన రాత్రి రేకు తన వేడిని ఆకాశమునకు విడిచి త్వరగా చల్లబడును. రాశి మీది వెచ్చని గాలి తేలికయై, తేమను మోసికొని పైకి లేచును. చల్లని రేకును తాకి, తేమను బొట్లుగా విడిచి, బరువెక్కి గోడల వెంట దిగును. పంకా లేకయే ఈ చక్రము రాత్రియంతయు తిరుగుచుండును. ఫ్రాన్సులో బెనార్డు 1900లో ఇట్టి కదలికను పలుచని ద్రవపు పొరలలో చూపెను. ఇంగ్లాండులో రేలీ 1916లో దానికి లెక్క కట్టెను. ఆ లెక్కలో ఎత్తు రెట్టింపయినచో కదలించు బలము ఎనిమిది రెట్లగును. మూడు మీటర్ల ఎత్తు, అయిదు డిగ్రీల తేడా గల గదికి రేలీ సంఖ్య సుమారు వెయ్యి కోట్లు. నిలువు గోడ వెంట నూరు కోట్లు దాటినప్పుడే గాలి సాఫీగా పారక సుడులు తిరుగును.

ఈ సుడులను ఒక్కొక్కటిగా లెక్కించుట కంప్యూటరుకును మిక్కిలి భారము. అందుచేత ఇంజనీర్లు నమూనాలు వాడుదురు. 1970 ప్రాంతమున వచ్చిన కె-ఎప్సిలాన్ చౌకయైనది. అయితే గోడ దగ్గర అది సాధారణముగ వాడు సూత్రము బలముగా తోయబడిన గాలికి ఏర్పడినది. మన కొట్టులో గాలిని నడుపునది గోడ, రేకుల చల్లదనమే గదా! తేమ దిగు చోటనే లెక్క తప్పును. 1994లో మెంటర్ ప్రకటించిన కె-ఒమేగా ఎస్.ఎస్.టి. గోడ అంచు వరకు లెక్కించును. సన్నని గడులు కావలెను, కాలమును ఎక్కువ పట్టును. గిడ్డంగులకు నేను దీనినే మెచ్చుదును. అయినను గది నడుమ నిలకడగానున్న గాలి విషయమున ఇదియు పొరబడవచ్చును. ఇక వడ్ల గింజల సందులలో గాలి మిక్కిలి మెల్లగా పాకును. అచ్చట సుడుల నమూనాతో పనియే లేదు.

గ్రామాధికారులు గిడ్డంగి ప్లాను చూచునప్పుడు రెండు ప్రశ్నలు వేయవలెను: ఏ నమూనాతో లెక్కించిరి? ఆ లెక్కను థర్మామీటరు కొలతలతో పోల్చిరా? రంగుల బొమ్మలు చూచి తృప్తి పడరాదు.

మీ కొట్టులో గాలి నడక చూడవలెనన్న అగరువత్తి చాలును. తెల్లవారుజామున తలుపు మూసి, గోడ ప్రక్కను, గది నడుమను చేతితోనే పట్టుకొని పొగ ఎటు పోవునో చూడుడు. గడ్డికి, గోతాములకు దూరముగ నుండవలెను.

వడ్లను తేమ 14 శాతమునకు తగ్గునట్లు ఎండబెట్టిన పిమ్మటనే నిలువ చేయుడు. విత్తనమైనచో 12 శాతము మేలు. రేకు క్రింద తాటాకు తడకలు కట్టినచో వెచ్చని గాలి నేరుగా రేకును తాకదు. బస్తాలను చెక్కల మీద, గోడకు రెండడుగుల ఎడముగ పేర్చవలెను. పడమటి గాలి వీచు పొడి మధ్యాహ్నమున కిటికీలు తెరచి, సముద్రపు గాలి తిరుగక ముందే మూయవలెను. నవంబరు ముసురులో మాత్రము గాలి ఆడవలెనని తెరువకుడు. బయటి తేమ లోనికి వచ్చును. అప్పుడు వారమున కొకసారి పై వరుస బస్తాలో చేయి పెట్టి చూచి, వెచ్చగా తగిలినను, ముక్క వాసన వచ్చినను, ఆ బస్తాను ఆనాడే వేరు చేసి, ఎండ వచ్చిన వెంటనే ఆరబోయుడు.