చదువు - సేద్యపు ఆదాయం: విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయాలు

చదువుకున్న రైతు ఎక్కువ ఆదాయం పొందుతాడన్నది సాధారణ విశ్వాసం. అయితే ఆ పెరుగుదల ఎంత, ఏ పరిస్థితుల్లో వస్తుంది అన్న విచక్షణ లేకపోతే మన కార్యక్రమాల ఫలితాలను మనమే తప్పుగా లెక్కగడతాము. కొన్ని వర్ధమాన దేశాల అనుభవాల ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పోలికలోని చిక్కు

పదేళ్లు చదివినవారి ఆదాయాన్ని, బడి ముఖం చూడనివారి ఆదాయంతో పోల్చి, తేడా అంతా చదువు ఫలితమేననుకోవడం సరికాదు. నీటి వసతిగల భూమి, కలిగిన కుటుంబం, పట్టణానికి చేరువలో నివాసం ఉన్న పిల్లలే సాధారణంగా ఎక్కువ చదువుతారు. ఆ వసతులు చదువుతో నిమిత్తం లేకుండానే ఆదాయాన్ని పెంచుతాయి. కొత్త వంగడాన్ని సారవంతమైన మడిలోను, పాత వంగడాన్ని చవుడు మడిలోను వేసి దిగుబడులు పోల్చడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఈ చిక్కును అధిగమించేందుకు ఇండోనేషియా అనుభవం తోడ్పడింది. ఆ దేశం 1973-74, 1978-79 మధ్య 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలను నిర్మించింది. బడికి వెళ్లని పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు ఎక్కువ బడులు దక్కాయి. 1974 నాటికి 2-6 ఏళ్ల వయసులో ఉన్నవారికి ఆ బడులు ఉపయోగపడ్డాయి. 12-17 ఏళ్లవారికి ప్రాథమిక విద్య వయసు దాటిపోయింది. ఈ రెండు వర్గాల మధ్య తేడా, బడులు ఎక్కువగా కట్టిన చోట ఎంత, తక్కువగా కట్టిన చోట ఎంత అని ఎస్తేర్ డఫ్లో పోల్చారు. అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి వేతనం 6.8 నుంచి 10.6 శాతం పెరిగినట్లు 2001లో ప్రచురించిన ఆ అధ్యయనం అంచనా వేసింది.

సేద్యంలో చదువు విలువ

పై అంచనా వేతన జీవులది. సొంత సేద్యం చేసే రైతుకు చదువును చూసి జీతం పెంచే యజమాని ఉండడు. నిర్ణయాలు మెరుగైతేనే చదువు ఫలిస్తుంది. తరతరాలుగా మారని సేద్యంలో రైతు తనకున్న వనరులను నేర్పుగానే వినియోగిస్తాడని, కొత్త సాంకేతికత వచ్చినప్పుడే విద్యకు విలువ పెరుగుతుందని టి.డబ్ల్యు. షుల్జ్ 1964లోనే వాదించారు. లాక్‌హీడ్, జేమిసన్, లా 1980లో పలు వర్ధమాన దేశాల అధ్యయనాలను క్రోడీకరించారు. నాలుగేళ్ల ప్రాథమిక విద్యతో వ్యవసాయ ఉత్పాదకత సగటున 7.4 శాతం పెరిగినట్లు తేలింది. ఆధునికమవుతున్న పరిసరాల్లో ఇది 9.5 శాతం కాగా, సంప్రదాయ పరిసరాల్లో 1.3 శాతం మాత్రమే.

మన హరిత విప్లవం కూడా ఇదే చెబుతోంది. సాంకేతిక ప్రగతి వేగంగా సాగిన ప్రాంతాల్లో ప్రాథమిక విద్య ప్రతిఫలం మరింత పెరిగిందని ఫోస్టర్, రోజెన్‌జ్వైగ్ 1996లో నిరూపించారు. కారణం ఊహించడం కష్టం కాదు. పొడవుగా ఎదిగే నాటు వరికి నత్రజని పెంచితే పైరు పడిపోతుంది. అక్కడ ఎరువు మోతాదు గురించి కొత్తగా నిర్ణయించవలసింది తక్కువ. పొట్టి వంగడాలు రాగానే ఎంత నత్రజని, ఏ దశలో, ఎన్ని దఫాలుగా అన్న ప్రశ్నలు తలెత్తాయి. వాటికి చదవడం, లెక్క కట్టడం అవసరమయ్యాయి.

విస్తరణకు వర్తించే పాఠాలు

సేవా ప్రారంభ దశలో ఒక ప్రదర్శనా క్షేత్ర కార్యక్రమాన్ని మదింపు చేస్తూ, పాల్గొన్న రైతుల అధిక దిగుబడిని పూర్తిగా శిక్షణ ఖాతాలో వేశాను. వారిలో అధికులు చదువు, బోరు రెండూ ఉన్నవారని ఆలస్యంగా గ్రహించాను. పట్టికల్లో తప్పు లేదు, పోలికలోనే ఉంది. ఆ నివేదికను నమ్మి అదే శిక్షణను మెట్ట గ్రామాలకు సిఫార్సు చేసినవాణ్ణి కూడా నేనే.

కనుక మదింపు చేసేవారు, పాల్గొన్నవారి నుంచీ పాల్గొననివారి నుంచీ, కార్యక్రమానికి ముందే, విద్యా సంవత్సరాలు, కమతం, నీటి వసతి, దిగుబడి వివరాలు నమోదు చేయాలి. ఫలితాలను విద్యాస్థాయి వారీగా విడదీసి చూపాలి. సగటు పెరిగినా, చదువులేని రైతు ఎక్కడున్నవాడు అక్కడే ఉండిపోయి ఉండవచ్చు.

కొత్త సాంకేతికత చదువుకు విలువ పెంచుతుందంటే, చదువు లేనివారిని వెనుక వదలగలదని కూడా అర్థం. ఆ అంతరాన్ని తగ్గించగల సాధనం విస్తరణ సేవే. ఎకరాకు లీటర్లలో చెప్పే మోతాదును రైతు వాడే ట్యాంకుకు ఎన్ని మూతలో చేసి చూపడం, కరపత్రం ఇచ్చి ఊరుకోక పొలంలో నిలబడి వివరించడం చిన్న పనులు కావు. రైతుకు బడిలో దక్కనిదాన్ని కొంతైనా పొలం గట్టుపై అందించడమే వాటి ప్రయోజనం.