రోగి మాట అర్థం కాకపోతే?

ప్రశ్న: కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. పాఠాలు ఇంగ్లిష్‌లోనే. వార్డుకు వెళ్తే మాత్రం రోగులు రష్యన్‌లో చెప్పేది అర్థంకాక వెనక నిలబడిపోతున్నాను. ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా?
– ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: వస్తుంది. కానీ మొత్తం భాష మీద దండెత్తకండి. రోగిని అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు: నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, జ్వరం ఉందా, ఏ మందులు వాడుతున్నారు? 'గ్ద్యే బలీత్?' అని అడగడం తేలికే, వాళ్లు చెప్పే జవాబు పట్టుకోవడమే కష్టం. అందుకని శరీర భాగాలు, అంకెలు, రోజులు, వారాలు ముందు చెవికి ఎక్కాలి. రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో 33 అక్షరాలే. తెలుగు గుణింతాలు దిద్దినవాళ్లకు అదో లెక్కా! (డాక్టర్ల చేతిరాత సంగతి వేరు, అది ఎక్కడైనా అంతే.)

పరీక్షలు ఇంగ్లిష్‌లోనే కదా అని వాయిదా వేయకండి. మన జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సుతోపాటు 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ సంస్థలో చేయాలి. ఏడాదంతా సీనియర్‌ను దుబాసీగా వెంటేసుకు తిరగలేరు.

హాస్టల్‌లో తెలుగు కబుర్లు మానమని చెప్పను. వార్డుకు మాత్రం స్థానిక సహాధ్యాయితో వెళ్లండి. అతనికి ఇంగ్లిష్ మాట్లాడే అవకాశం కావాలి, మీకు రష్యన్. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు కొందరు కిర్గిజే మాట్లాడతారు, పలకరింపు వరకైనా అదీ నేర్చుకోండి.